కాఫీ కషాయం కాదు, ఫాంటం
ఇంట్లో మంచి కాఫీకి నీరు, పాత్ర, పద్ధతి

తెలుగువారి ఇళ్లలో కాఫీ డికాక్షన్‌ను కషాయమని పిలుచుకోవడం కద్దు. పేరు పెట్టడంలో దోషం లేదు గాని, ఆ పేరు వలన పొయ్యి దగ్గర ఒక పొరపాటు స్థిరపడిపోయింది. కషాయమంటే మరిగించాలి కదా అని కాఫీ పొడిని నీళ్లలో వేసి మరిగించేవారు కొందరు. ఫిల్టరులో చక్కగా దిగిన డికాక్షన్‌ను మళ్లీ పొయ్యి మీద కాచేవారు మరికొందరు. అలా కాచిన కాఫీ చేదెక్కుతుంది. చేదు తగ్గడానికి పంచదార పెరుగుతుంది. రుచి చాలలేదని మరునాడు పొడి పెరుగుతుంది. కొన్నాళ్లకు గుండెలో మంట, రాత్రి నిద్రలేమి, ఆకలి మందగించడం వంటి బాధలతో వైద్యుని వద్దకు రావలసి వస్తుంది. నా అనుభవంలో ఇటువంటివారిలో అనేకులకు కాఫీని పూర్తిగా మానవలసిన అవసరం కలగలేదు. కాఫీ తయారుచేసే తీరును మార్చుకుంటే చాలినది.

ఔషధంలో ద్రవ్యం ఎంత ముఖ్యమో, దానికి చేసే సంస్కారమూ అంతే ముఖ్యమని మా గురువులు తొలినాడే బోధించేవారు. కాఫీకి కూడా ఆ నియమమే వర్తిస్తుంది. మంచి కాఫీకి మూల రహస్యం ఎక్కువ పొడి కాదు. యోగ్యమైన నీరు, శుభ్రమైన పాత్ర, తగిన వేడి. ఈ మూడూ కుదిరితే తక్కువ పొడితోనే తృప్తి కలుగుతుంది.

శాస్త్రం చెప్పే తేడా

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. చరక, సుశ్రుత, వాగ్భట సంహితలలో కాఫీ ప్రస్తావన లేదు. పదిహేడవ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ యాత్రికుడు యెమెన్ నుండి ఏడు గింజలు తెచ్చి నేటి చిక్కమగళూరు ప్రాంతపు కొండలలో నాటాడని ప్రతీతి. కనుక కాఫీకి ఏదో ఒక శ్లోకాన్ని అంటగట్టడం సత్యం కాదు. అయితే, ఒక ద్రవ్యం నుండి సారాన్ని నీటిలోనికి దించే పద్ధతులను మన శాస్త్రం బహు నిశితంగా విభజించింది. ఆ విభజన కాఫీకి చక్కగా ఉపకరిస్తుంది.

శార్ఙ్గధర సంహితలో స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం అని ఐదు కల్పనలున్నాయి. క్వాథమే మనం కషాయమనేది. ఒక భాగం ద్రవ్యానికి 16 భాగాల నీరు పోసి, ఎనిమిదవ వంతు మిగిలే వరకు మంద్రాగ్నిపై మరిగించాలి. గట్టి వేర్లకు, బెరళ్లకు ఇది తగిన పద్ధతి. హిమం అనగా ద్రవ్యాన్ని చల్లని నీటిలో రాత్రంతా నానబెట్టి వడగట్టినది. ఫాంటం అనగా ద్రవ్యాన్ని నలగగొట్టి, దానిపై నాలుగు భాగాల వేడినీరు పోసి, కొంతసేపు ఉంచి వడగట్టినది. సువాసన గల సుకుమార ద్రవ్యాలను మరిగిస్తే వాటిలోని తైలాంశం ఆవిరితో పోతుంది. అటువంటి వాటికి ఫాంటమే యుక్తం.

వేయించి పొడిచేసిన కాఫీ గింజ గుణం సరిగ్గా ఇటువంటిదే. దానిలోని పరిమళం బహు చంచలమైనది. మన ఫిల్టరులో పొడిపై వేడినీరు పోసి, బొట్టు బొట్టుగా దిగనివ్వడం ఫాంట కల్పనకు అతి సమీపమైన పద్ధతి. ఆధునిక పరిశోధన కూడా ఈ మాటనే మరొక విధంగా చెబుతున్నది. వేయించిన కాఫీ పొడి బరువులో దాదాపు 30 శాతం మాత్రమే నీటిలో కరుగుతుంది. అందులో 18 నుండి 22 శాతం వరకు దిగినప్పుడు రుచి సమంగా ఉంటుంది. అంతకు మించి లాగితే వచ్చేది చేదు, వగరు. మరిగించడం వలన, వాడిన పొడిలోనే మళ్లీ నీళ్లు పోసి రెండవ డికాక్షన్ తీయడం వలన మనం రాబట్టేది ఈ చివరి భాగాన్నే.

నీరు: కాఫీలో సింహభాగం

డికాక్షన్‌లో అత్యధిక భాగం నీరే. అయినా పొడి ఏ దుకాణంలో కొనాలో విచారించినంతగా నీటిని గురించి ఎవరూ విచారించరు.

ఒక గృహిణి ఉదంతం చెబుతాను. ఆమె రాజమహేంద్రవరంలో గోదావరి నీటితో ఏళ్ల తరబడి కాఫీ కాచినవారు. కుమారుని ఉద్యోగం వలన హైదరాబాదు శివారులోని ఒక అపార్ట్‌మెంటుకు మారారు. అదే దుకాణం పొడి తెప్పించుకున్నా, అదే ఫిల్టరు వాడినా కాఫీ చప్పగా, మట్టి రుచితో ఉండసాగింది. మూడు చెంచాల పొడి ఐదయింది. ఆరు నెలలలో ఆమ్లపిత్తం పట్టుకుంది. నేను ఔషధం వ్రాసే ముందు, "అమ్మా, మీ ఇంట్లో కందిపప్పు త్వరగా ఉడుకుతున్నదా?" అని అడిగాను. "అయ్యో, ఎంతసేపటికీ ఉడకదండీ" అన్నారామె. ఆ ఇంటికి వచ్చేది బోరునీరు. వంటకు, కాఫీకి నీరు మార్చిన తరువాత ఆమె పొడి మళ్లీ మూడు చెంచాలకు దిగింది. మందుకు పని తేలికైంది.

దీనికి కారణమేమిటి? బోరునీటిలో సున్నపు, మెగ్నీషియపు లవణాలు సాధారణంగా అధికంగా ఉంటాయి. వాటి వలన కలిగేదే కాఠిన్యం. వాటితో పాటు ఉండే బైకార్బొనేట్లు క్షార గుణం కలవి. కాఫీలోని సున్నితమైన ఆమ్లాలను అవి అణచివేస్తాయి. ఆ ఆమ్లాలే కాఫీకి చురుకుదనం, పరిమళపు స్పష్టత ఇచ్చేవి. అవి అణగిపోతే మిగిలేది చప్పదనం. పప్పును మెత్తబడనివ్వనిదీ ఆ సున్నమే. కందిపప్పు ఉడకని నీటిలో కాఫీ కుదరదని గుర్తుంచుకుంటే చాలు, వేరే పరీక్ష అక్కరలేదు. సబ్బు నురగ రాకపోవడం, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లని సున్నపు పెచ్చు కట్టడం కూడా అవే సూచనలు.

అంకెలు కోరేవారికి: భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు, కరిగిన మొత్తం లవణాలు, అనగా టి.డి.ఎస్., 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం వాంఛనీయం. కాఫీ రుచికి ఇంకా తేలికైన నీరు కావాలి. కాఫీ నిపుణులు టి.డి.ఎస్. సుమారు 150 ఉన్న నీటిని ఉత్తమమని, 75 నుండి 250 వరకు ఆమోదయోగ్యమని భావిస్తారు.

నీటిని సరిచేసే ఉపాయాలు

కఠినమైన నీరు: బైకార్బొనేట్ల వలన కలిగే కాఠిన్యం మరిగిస్తే తగ్గుతుంది. నీటిని ఐదు పది నిమిషాలు బాగా మరిగించి, చల్లార్చి, కదపకుండా ఉంచితే సున్నం అడుగున పేరుకుంటుంది. పైనున్న తేటను వంచుకొని కాఫీకి వాడాలి. ఈ పని రాత్రి చేసిపెట్టుకుంటే ఉదయానికి నీరు సిద్ధంగా ఉంటుంది. నీటిని మరీ ఇగిరిపోయేంతగా కాచరాదు. మరిగినా పోని లవణాలు చిక్కబడతాయి.

మెత్తబరచే యంత్రం నీరు: స్నానపు నీటి కోసం అమర్చే సాఫ్ట్‌నర్ యంత్రాలు సున్నాన్ని తీసి, దాని స్థానంలో సోడియాన్ని చేరుస్తాయి. క్షార గుణం అలాగే మిగులుతుంది. ఈ నీటితో కాఫీ బాగుండదు. రక్తపు పోటు ఉన్నవారికి మంచిది కూడా కాదు.

ఆర్.ఓ. నీరు: ఇందులో లవణాలు మరీ తక్కువైతే కాఫీ పలుచని పుల్లదనంతో, నిండుదనం లేకుండా ఉంటుంది. యంత్రానికి టి.డి.ఎస్. సరిచేసే మర ఉంటే మెకానిక్ చేత 100కు పైగా పెట్టించుకోవచ్చు. లేదా మూడు వంతుల ఆర్.ఓ. నీటికి ఒక వంతు, కాచి తేర్చిన మంచి పురపాలక నీటిని కలుపుకోవచ్చు.

కుళాయి నీరు: క్లోరిన్ వాసన కాఫీ పరిమళాన్ని చెడగొడుతుంది. నీటిని పట్టి, పలుచని బట్ట కట్టి రాత్రంతా ఉంచినా, మూత లేకుండా కొన్ని నిమిషాలు మరిగించినా ఆ వాసన చాలావరకు పోతుంది.

బురద నీరు: వరదల కాలంలో నదీజలాలు ఎర్రబడతాయి. బురద నీటిని తేర్చే ఏడు సాధనాలను సుశ్రుతుడు సూత్రస్థానంలో పేర్కొన్నాడు. వాటిలో మొదటిది కతకం, అనగా మన ఇండుప గింజ. దీనినే చిల్లగింజ అని కూడా అంటారు. దీనిని రాతిపై అరగదీసి కుండలో కలిపితే మట్టి అడుగుకు చేరుతుంది. పూర్వం నదీతీర గ్రామాలలో ఇది నిత్యకృత్యం. అయితే తేరిన నీరు కంటికి స్వచ్ఛం గాని, రోగకారక క్రిములు లేనిదని చెప్పలేము. తప్పక మరిగించాలి.

ఫ్లోరైడు విషయంలో జాగ్రత్త

ఇది రుచికి మించిన సంగతి. ఫ్లోరైడు మరిగిస్తే పోదు. నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కంటితోగాని నాలుకతోగాని పోల్చుకోలేము. మన దేశంలో ఫ్లోరైడు వ్యాధిని గురించి 1937లోనే వైద్య పత్రికలో వివరంగా వెలువడిన నివేదిక నాటి నెల్లూరు జిల్లాకు సంబంధించినది. నల్గొండ జిల్లా గ్రామాలలో వంగిన వెన్నెముకలు, గారపట్టిన పళ్లు చూసినవారికి దీని తీవ్రతను వేరే చెప్పనక్కరలేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్గొండ విధానమనే పేరే స్థిరపడింది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండడం వాంఛనీయం, 1.5 దాటరాదు.

బోరునీరు తాగే ప్రతి కుటుంబమూ ఒక్కసారైనా నీటిని పరీక్ష చేయించుకోవాలి. ఫ్లోరైడు అధికమని తేలితే నదీజలాల కుళాయి నీరు గాని, ఆర్.ఓ. నీరు గాని వాడాలి. పైన చెప్పిన విధంగా ఆర్.ఓ. నీటిలో కలపడానికి ఆ బోరునీటిని ఎన్నడూ తీసుకోరాదు. కాఫీ రుచికోసం ఎముకలను పణం పెట్టరాదు.

పాత్రలు

ఫాంటానికి మట్టిపాత్రను వాడమని శాస్త్రం. అందులోని భావం, పాత్ర ద్రవ్యంతో కలహించరాదని. కాఫీ ఆమ్ల గుణం కలది. కనుక దానితో ప్రతిక్రియ జరపని పాత్ర కావాలి. మంచి స్టెయిన్‌లెస్ స్టీలు, గాజు, పింగాణి ఇందుకు తగినవి. అల్యూమినియం వద్దు.

ఇత్తడి ఫిల్టరుపై మక్కువ ఇటీవల మళ్లీ పెరిగింది. ఇత్తడి రాగి, తుత్తునాగాల మిశ్రమం. లోపల కళాయి చెదరకుండా ఉన్నంతవరకు వాడవచ్చు. కళాయి పోయి పసుపు వన్నె కనబడితే వెంటనే మళ్లీ పూత పెట్టించాలి. సీసం కలపని మేలిమి తగరంతోనే పెట్టించాలి. రాగి చెంబులో మంచినీరు నిలువ చేయడం వేరు, రాగిలోనో కళాయి లేని ఇత్తడిలోనో కాఫీ తీయడం వేరు. రెండవది కూడదు.

ఫిల్టరు కొనేటప్పుడు పైగిన్నె అడుగున రంధ్రాలు సన్నగా, సమంగా ఉన్నాయో లేదో వెలుతురుకు పట్టి చూడాలి. రెండు గిన్నెలూ బిగువుగా అమరాలి. ఇద్దరికి చాలే ఫిల్టరు ఒకటి, చుట్టాలు వచ్చినప్పటికి పెద్దది ఒకటి ఉండడం మంచిది. పెద్ద ఫిల్టరులో కొద్ది పొడి వేస్తే పొర పలుచనై నీరు త్వరగా జారిపోతుంది.

ఇక శుభ్రత. కాఫీలోని నూనె రంధ్రాలకు పట్టి, కొన్నాళ్లకు ముక్క వాసన వేస్తుంది. ప్రతిసారీ వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. రంధ్రాలలో సున్నం పేరుకుంటే చింతపండు పులుసులోనో, నిమ్మరసం కలిపిన వేడినీటిలోనో అరగంట నాననిచ్చి తోమాలి. డికాక్షన్ గంటసేపటికి గాని దిగడం లేదంటే చాలా సందర్భాలలో ఈ రంధ్రాలే కారణం.

పొడి, చికోరీ

చికోరీ ఒక మొక్క వేరు. దానిలో కెఫీన్ లేదు. అది రంగును, చిక్కదనాన్ని ఇస్తుంది. చట్టం ప్రకారం చికోరీ కలిపిన కాఫీ పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు. ఎంత కలిపారో పొట్లంపై ముద్రించాలి. ఇంట్లో పరీక్ష సులభం. గాజుగ్లాసులో చల్లని నీటిపై చిటికెడు పొడి చల్లితే కాఫీ తేలుతుంది. చికోరీ రంగుచారలు విడుస్తూ అడుగుకు దిగుతుంది. 80 పాళ్ల కాఫీకి 20 పాళ్ల చికోరీ మించకుండా ఉంటే రుచి బాగుంటుంది.

రొబస్టా గింజలో అరబికా కన్న దాదాపు రెట్టింపు కెఫీన్ ఉంటుంది. నిద్ర పట్టనివారు, గుండెదడ గలవారు అరబికాను ఎంచుకోవడం మేలు. మన అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో గిరిజన రైతులు నీడచెట్ల కింద, మిరియపు తీగెల నడుమ పండించే అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఏ రకమైనా, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పొడి పట్టించి, గాలి చొరని డబ్బాలో ఉంచాలి. పొడి మరీ మెత్తనైతే నీరు దిగదు. గరుకైతే సారం దిగదు. పిండిలా కాక, సన్నని రవ్వకు కొంచెం మెత్తగా ఉండాలి.

ఇద్దరికి కాఫీ: విధానం

1. ఫిల్టరు పైగిన్నెలో 20 గ్రాముల పొడి, అనగా సుమారు మూడు పెద్ద చెంచాలు, వేసి సమంగా సర్దాలి. కాడ గల చిల్లుల బిళ్ళను దానిపై ఉంచి తేలికగా అదమాలి. గట్టిగా నొక్కరాదు.

2. 160 మిల్లీలీటర్ల నీటిని మరిగించి దించాలి. అర నిమిషం ఆగితే వేడి 90 నుండి 96 డిగ్రీల నడుమకు వస్తుంది. చలికాలంలో ఫిల్టరును ముందుగా వేడినీటితో తొలిపితే మంచిది.

3. పొడి తడిసేంత నీరు మాత్రమే ముందు చుట్టూ పోసి, మరో అర నిమిషం ఆగాలి. పొడి ఉబ్బి, అందులోని వాయువు వెలుపలికి వస్తుంది. అటుపై మిగిలిన నీరు నెమ్మదిగా పోసి మూత పెట్టాలి.

4. 15 నుండి 25 నిమిషాలలో సుమారు 120 మిల్లీలీటర్ల డికాక్షన్ దిగుతుంది. మిగిలినది పొడిలోనే ఇంకిపోతుంది.

5. పాలను వేరుగా కాచి, పొంగిన వెంటనే దించి, డికాక్షన్‌లో కలపాలి. డికాక్షన్‌ను పొయ్యి మీద పెట్టరాదు. చల్లారినట్లయితే గిన్నెను వేడినీటిలో ఉంచి వెచ్చజేయాలి.

ఎవరికి ఎంత

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించగా భారత వైద్య పరిశోధన మండలి 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, 150 మిల్లీలీటర్ల ఫిల్టరు కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు 300 మిల్లీగ్రాములు మించరాదు. అనగా రెండు కప్పులు క్షేమం, మూడవది హద్దు. గర్భిణులు 200 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. ఒక చిన్న కప్పుతో సరిపెట్టుకోవడం ఉత్తమం.

భోజనానికి గంట ముందు, గంట తరువాత కాఫీ వద్దని కూడా ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆహారంలోని ఇనుము ఒంటపట్టకుండా అది అడ్డుపడుతుంది. రక్తహీనత గల స్త్రీలు ఈ నియమాన్ని తప్పక పాటించాలి. ఐరన్ మాత్రలను, థైరాయిడ్ మాత్రను కాఫీతో మింగరాదు. థైరాయిడ్ మాత్ర వేసుకున్న తరువాత కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి.

కాఫీ తిక్త రసం, తీక్ష్ణ గుణం కలదని నా అభిప్రాయం. కనుక పిత్త ప్రకృతి గలవారు పరగడుపున తాగరాదు. ముందు గ్లాసుడు గోరువెచ్చని నీరు, ఏదైనా కొద్ది ఆహారం తీసుకోవాలి. కొలెస్టరాల్ అధికంగా ఉన్నవారు పొడిని మరిగించి తాగే పద్ధతిని పూర్తిగా విడిచిపెట్టాలి. కాఫీ నూనెలోని కొన్ని పదార్థాలు చెడు కొలెస్టరాల్‌ను పెంచుతాయి. కాగితపు వడపోత వాటిని చాలావరకు ఆపుతుంది. సాయంకాలం నాలుగు దాటిన తరువాత కాఫీ నిద్రకు శత్రువు.

ఈ వారం ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఒక ఉదయం మీరు రోజూ వాడే నీటితోను, మరొక ఉదయం కాచి తేర్చిన నీటితోను, అదే పొడి, అదే కొలతతో డికాక్షన్ తీయండి. తేడా ఏమిటో ఇంట్లో వారికి ముందుగా చెప్పవద్దు. రెండవ కాఫీ బాగుందని వారంతట వారే అంటే, మరునాటి నుండి పొడిలో అర చెంచా, పంచదారలో అర చెంచా తగ్గించండి. అడిగితే గాని వారికి ఆ సంగతి తెలియదు.